ఆఖరి పేజీలో భోజనం

యుద్ధంలో ఇంటిల్లిపాదినీ పోగొట్టుకుని బతికి బయటపడ్డ ఒకామె, తన కథను తానే బొమ్మలుగా గీసుకున్న పుస్తకం అది. దేవరకొండ లైబ్రరీలో మేమంతా ఒకరి చేతిలోంచి ఒకరం లాక్కుని చదివి ఏడ్చాం. పక్కింటి అజీజా బేగంకు చదవడం ఉర్దూ ఒక్కటే వచ్చు. బొమ్మలే కదా అని ఆమెకూ ఇచ్చాను.

నవ్వుతూ తిరిగి తెచ్చింది.

"మంచిగున్నది బిడ్డా. పాపం, మొదలు ఒక్కతే ఉంటది. ఆఖరికి అందరొచ్చి ఇంట్ల కూసొని తింటరు."

ఆ భోజనం మొదటి పేజీలోది. ఉర్దూ పుస్తకంలాగే ఆమె దీన్నీ వెనక నుంచి తిప్పింది.

చెబుదామని పుస్తకం అందుకున్నాను.

"పోలీసు యాక్షన్ల పోయిన మా అన్నలు గూడ గిట్ల మర్లొస్తే ఎంత బాగుండు," అంది. "జర ఇయ్యి, ఇంకోసారి చూస్త."

వెనక అట్ట పైకి తిప్పి, ఆమె చేతిలో పెట్టాను.