బుచ్చమ్మ పీట

పీటని కాలవలో కడిగి, తుండుగుడ్డతో తుడిచి, చంకలో పెట్టుకుని చేలోకి దిగాడు సత్తియ్య. పనసచెక్క పీట. ఓడలరేవు నుంచి కాపురానికొస్తూ బుచ్చమ్మ తెచ్చుకున్నది. బతికున్నన్నాళ్లూ దాని మీదే కూచుని పొయ్యి ఊదేది. ఆమె పోయాక ఇంట్లో దాని మీద కూచునే మనిషి లేదు. సర్కారు లెక్క కోసం పంట ఫోటో తీసే రోజున మాత్రం, భూమిగలాయన బుచ్చిరాజుగారి బూట్లకి బురదంటకుండా, ఏటా ఇలా చేలోకి వస్తోంది.

తుఫాను నీరు దిగిపోయింది. పడిపోయిన కంకుల్లోంచి పచ్చగా మొలకలు లేచాయి. నారు పోసింది, ఊడ్చింది, కలుపు తీసింది సత్తియ్యే. సర్కారువారి లెక్కలో రైతు మాత్రం రాజుగారు. పరిహారం ఆయన ఖాతాకే పోతుంది. జాబితా పైకి పంపేలోగా కౌలుకార్డు మీద ఆయనచేత ఒక్క సంతకం పెట్టిస్తే పేరు మారుస్తానని వ్యవసాయ సహాయకురాలు ప్రసన్నకుమారి చెప్పింది. అలా అయితే రెండో పంటకి, దాళ్వాకి, విత్తనాలొస్తాయి. లేదంటే ఈ చేను వదిలేసి, ఓడలరేవులో బావమరిది గంగబాబు దగ్గర రొయ్యల చెరువుకి కాపలా పోవడమే.

అడగాలి. ఇవాళ అడిగి తీరాలి. పొద్దుటినుంచీ మాటలు కూర్చుకుంటున్నాడు పాపం! మనిషికి వచ్చిన మాట ఒక్కటే, ఆయ్. కౌలు పెంచుతానంటే ఆయ్, కొబ్బరికాయలు దింపించి పంపమంటే ఆయ్. "నీ నోట్లో ఇంకో మాటే లేదా?" అని బుచ్చమ్మ కోప్పడితే, దానికీ ఆయ్ అనేవాడు.

కారు గట్టు మీద ఆగింది.

"ఏం సత్తియ్యా, పీట తెచ్చేవా?"

"ఆయ్, తెచ్చేనండి."

సత్తియ్య గట్టు పక్కనే బురదలో పీట వేశాడు. తడిగట్టు దిగి, రాజుగారు అతని భుజం పట్టుకుని పీటెక్కారు. ఫోటో తియ్యడానికొచ్చిన ప్రసన్నకుమారి ఫోనెత్తి, కాసేపు చూసి దించింది.

"సత్తియ్యగారూ, కొంచెం పక్కకి రండి. ఫోటోలో మీ నీడ పడుతోందండి."

జరిగాడు. ఫోటో అయింది. ఆ పిల్ల అతని మొహంకేసి చూడలేకపోయింది.

సత్తియ్య జేబులోంచి కాగితం తీశాడు. మడత విప్పి ముందుకి చాపాడు.

"రాజుగారండీ... కౌలుకార్డండి... మీ సంతకం ఒక్కటి..."

రాజుగారు నవ్వారు. ఎంత మంచి నవ్వు!

"మనిద్దరి మధ్యా కాగితాలేవిటయ్యా? నేను లేనూ? చూద్దాంలే. ఏవంటావ్?"

ఆయ్ అనాలి. ముప్పయ్యేళ్లుగా అన్నదే. నోరు తెరిచాడు. రాలేదు.

"ఇక ఉంటానండి" అన్నాడు.

పీట దిగడానికి రాజుగారు భుజం కోసం చెయ్యి చాపారు. భుజం అక్కడ లేదు. సత్తియ్య అప్పటికే గట్టెక్కాడు.

సాయంత్రం ఓడలరేవు బస్సెక్కాడు. సాగనంపడానికి ఎవరున్నారు గనక? ఇంటికి తాళం వేసి, గుడ్డలమూట ఒళ్లో పెట్టుకుని కూచున్నాడు. అల్లవరం దాటాక పీట గుర్తొచ్చింది. బుచ్చమ్మ పుట్టింటికి, ఆమె తెచ్చుకున్న పీట లేకుండా పోతున్నాడు. చటుక్కున లేచి నిలబడ్డాడు.

"దిగుతారాండీ?" అన్నాడు కండక్టరు.

బయట చీకటి పడుతోంది.

"లేదండి" అని కూచుండిపోయాడు.

చేలో, మొలకెత్తిన కంకుల మధ్య, పీట బురదలోకి కొంచెం ఒరిగి ఉంది. దాని మీద రెండు బూట్ల అచ్చులు ఇంకా ఆరలేదు.