దోన్కా క్రేనూ, సెవ్దా చేతులూ

డాన్యూబ్ ఒడ్డున మా చిన్న ఊళ్లో ఉపాధి కార్యాలయం ఉంది. అందులో మూడో కిటికీ నాది. రాజధాని సోఫియా నుంచి ఏటా ఒక ప్రణాళిక వస్తుంది. పని దొరకడం కష్టమైన వాళ్లెవరో, వాళ్లకి ఏ పథకం కింద ఏం చెయ్యాలో అందులో వరసగా రాసి ఉంటుంది. యాభై ఐదు దాటినవాళ్లు, బడి మొహం చూడనివాళ్లు, ఏడాదికి మించి ఖాళీగా ఉన్నవాళ్లు, ఇలా ఒక్కొక్కరికీ ఒక్కో గడి. మనిషి కిటికీ ముందుకి రాగానే నేను గడుల్లో టిక్కులు పెడతాను. పదకొండేళ్లుగా ఇదే పని.

దోన్కా పిన్నికి రెండు టిక్కులు పడ్డాయి. వయసు యాభై తొమ్మిది. యంత్రాల ఫ్యాక్టరీలో ఇరవై తొమ్మిదేళ్లు క్రేన్ నడిపింది. ఫ్యాక్టరీ మూతపడ్డాక దొరికిన పనల్లా చేసింది. ఆ మధ్య అదీ దొరకలేదు. పింఛనుకి ఇంకా రెండేళ్ల సర్వీసు కావాలి.

సెవ్దాకి నాలుగు టిక్కులు. ఊరవతల రోమా జిప్సీలుండే మహల్లా మనిషి, వయసు నలభై ఆరు. పన్నెండో ఏట నుంచీ మిరపతోటల్లో, ఇటుకబట్టీల్లో పనిచేస్తూనే ఉంది కానీ పనిచేసినట్టు ఎక్కడా ఒక్క కాగితం లేదు. చదవడం రాదు.

ఇద్దరినీ ఒకే పథకంలో వేశాను. మునిసిపాలిటీలో ఏడాదిపాటు పార్కు ఊడ్చే పని, జీతం ప్రభుత్వానిది. నవంబరులో చీపుర్లు చేతికొచ్చాయి. మొదటివారం ఇద్దరికీ మాటల్లేవు. రెండోవారానికి ఒకే బల్లమీద కూర్చుని జున్ను పెట్టిన బనిత్సా రొట్టె పంచుకు తింటున్నారని వాళ్ల మేస్త్రీ చెప్పాడు.

పార్కు పక్కనే కొత్త కిండర్‌గార్టెన్ కడుతున్నారు. గోడలు లేచాయి కానీ పైకప్పు పడలేదు. క్రేన్ నడిపేవాడు జర్మనీ వెళ్లిపోయాడు. పక్క ఊరి నుంచి వారానికి ఒక్కరోజు ఇంకొకతను వచ్చేవాడు.

మార్చి మొదటివారంలో, వసంతం వస్తోందని అందరూ మణికట్లకి ఎర్రాతెల్లా దారాలు కట్టుకునే రోజుల్లో, ఆ మనిషి దూలాల కట్టని పైకి లేపబోయాడు. దోన్కా బల్లమీదనుంచి లేచి కంచె దాకా వెళ్లింది.

"దించమను బాబూ. తాడు ఒక పక్కకే పట్టింది. నిలువెత్తు లేచేలోపు జారుతుంది."

గుత్తేదారు క్రస్తాన్ వెనక్కి తిరిగి చూశాడు. చీపురు, నారింజరంగు కోటు, తలకి రుమాలు కనిపించాయి. "నీకెందుకమ్మా, నీ ఆకులు నువ్వు ఊడ్చుకో," అన్నాడు.

మాట పూర్తయ్యేలోపే కట్ట ఒరిగింది. అప్పటికి ఇంకా మోకాలెత్తే లేచింది కాబట్టి దూలాలు దడదడా మట్టిలో పడ్డాయంతే, ఎవరికీ ఏమీ కాలేదు. క్రస్తాన్ టోపీ తీసి బుర్ర గోక్కున్నాడు.

"నీకెలా తెలుసు?"

"ఇరవై తొమ్మిదేళ్లు పైనుంచి చూశాను కాబట్టి."

"అయితే ఎక్కు. రోజుకింతని ఇస్తాను."

"లైసెన్సు గడువు దాటిపోయింది. కాగితం లేకుండా నేను మొదటి మెట్టు కూడా ఎక్కను."

ఆ మధ్యాహ్నమే ముగ్గురూ నా కిటికీ ముందుకొచ్చారు. క్రస్తాన్ తొందరలో ఉన్నాడు, దోన్కా తాపీగా ఉంది, సెవ్దా వెనకాల పొద్దుతిరుగుడు గింజలు నములుతోంది. నేను పథకాలన్నీ తిరగేశాను. యాభై ఐదు దాటినవాళ్లకి పాత వృత్తిలో మళ్లీ పరీక్ష రాయించే ఖర్చు ప్రభుత్వమే భరిస్తుంది. వాళ్లని పనిలో పెట్టుకున్న యజమానికి తొమ్మిది నెలలు సగం జీతం కూడా ఇస్తుంది. ఈ రెండూ కలిపి వాడుకున్నవాళ్లని నేను అంతవరకూ చూడలేదు.

క్రస్తాన్ మొహం వికసించింది. "ఇదేదో ముందే చెప్పొచ్చుగా మీరు?"

"ముందే అడగొచ్చుగా మీరు?" అన్నాను.

అప్పుడు దోన్కా కిటికీ అంచుమీద మోచెయ్యి ఆనించింది. "ఇంకో సంగతి. కింద కొక్కెం తగిలించి నాకు సైగ చేసే మనిషి సెవ్దాయే కావాలి."

క్రస్తాన్ నవ్వాడు. "మహల్లా ఆవిడా? నా మనుషులు ఒప్పుకోరు."

"పైన కూర్చునేది నేను. కింద ఎవరి చెయ్యి చూడాలో నీ మనుషులు చెప్తారా?"

"ఈవిడకి ఏం తెలుసని?"

సమాధానం దోన్కా చెప్పలేదు. సెవ్దాయే ముందుకొచ్చింది. "మా చెల్లికి పుట్టుచెవుడు సారూ. నలభై ఏళ్లుగా నేను చేతుల్తోనే మాట్లాడుతున్నా. ఆకులూదే మిషను మోగుతుంటే పార్కు అటు చివరనుంచి దోన్కక్కకి కాఫీలో చక్కెర ఎన్ని చెంచాలో చెప్తా. ఒక్కసారి తప్పలా."

"రెండు చెంచాలు," అంది దోన్కా.

చిక్కు వేరేచోట వచ్చింది. కొక్కెం పనికి శిక్షణ ఉంది, ఆ శిక్షణలో చేరాలంటే నాలుగో తరగతి కాగితం కావాలి. దానికోసం పెద్దవాళ్ల అక్షరాల తరగతి ఉంది, మూడు నెలలు. ఆ మాట చెప్పగానే సెవ్దా గింజల పొట్లం మడిచేసింది.

"ఇవాయ్లమ్మా, ఇన్నేళ్లూ చదవకుండానే బతికా. ఇప్పుడు పిల్లల్తో అఆలు దిద్దమంటావా?" అని నన్నడిగింది.

"పిల్లలుండరు. అందరూ నీలాంటి గాడిదలే ఉంటారు," అంది దోన్కా. "నన్ను కొండెక్కినంత ఎత్తులో కూర్చుని తెలియనివాడి చెయ్యి నమ్మమంటావా నువ్వు?"

సెవ్దా తిట్టుకుంటూనే చేరింది. దోన్కా రక్తపోటు మాత్రలు వేసుకుని డాక్టరు దగ్గర నెగ్గింది, ఏప్రిల్లో పరీక్షా నెగ్గింది. పరీక్షకుడికి ముప్పయ్యేళ్లు కూడా లేవట. అతను అడిగిన ప్రశ్నలో తప్పుందని చెప్పి మరీ జవాబిచ్చిందట. సెవ్దా వచ్చేదాకా కింద పాత మనిషి సైగతోనే సర్దుకుని చిన్న బరువులెత్తే పని నడిపించింది.

జూన్ చివర్లో సెవ్దా నాలుగో తరగతి కాగితంతో నా దగ్గరికి వచ్చింది. నేను ఆమె ఫైలు తెరిచి, ముద్ర కోసం సొరుగు వెతుకుతున్నాను. తలెత్తేసరికి ఆమె కిటికీ మీదికి వంగి, ఫైలు మొదటి పేజీమీద వేలు పెట్టి తలకిందులుగా కూడబలుక్కుంటోంది.

"ప... ని... లో... కు... దిరే... అవకాశం... త... క్కువ."

నేను ముద్ర బల్లమీద పెట్టేశాను.

"ఇది నా గురించేనా?"

"అవును."

"ఎవరు రాశారమ్మా?"

"నేనే సెవ్దా. నవంబరులో."

ఆమె ఇంకోసారి చదువుకుంది, ఈసారి ఆగకుండా. తర్వాత ఫైలు నా వైపు జరిపింది. "రాత బాగుంది. గుండ్రంగా ఉండబట్టి చదవగలిగా. మా పంతులమ్మ రాత కోడిగెలికినట్టుంటది."

ఆమె వెక్కిరించిందో, ఓదార్చిందో నాకు ఇప్పటికీ తెలియదు. ఆ సాయంత్రం కిటికీ మూసి ఇంటికి నడిచి వెళ్తుంటే చెవులు వేడెక్కే ఉన్నాయి.

జులైలో, సెవ్దా కొక్కెం శిక్షణ ముగియగానే, పైకప్పు పని మొదలైంది. మధ్యాహ్నం భోజనం వేళ నేను పార్కుకి వెళ్లి చూశాను. పైన గాజుగదిలో దోన్కా తల చిన్నగా కనిపించింది. కింద సెవ్దా హెల్మెట్ పెట్టుకుని, తాడు రెండుసార్లు లాగి చూసి, వెనక్కి నడిచి, చెయ్యెత్తింది. అరచెయ్యి కొంచెం తిప్పింది. అంత పెద్ద దూలం ఆ అరచేతితో పాటే తిరిగింది. మహల్లా ఆవిడంటే ఒప్పుకోరని క్రస్తాన్ చెప్పిన ఆ మనుషులే పక్కన నిలబడి ఆమె చెయ్యి దిగేదాకా కదల్లేదు.

"నోరు ఎక్కువ, చెయ్యి మంచిది," అన్నాడు క్రస్తాన్ నా పక్కకొచ్చి. "ఇద్దర్నీ శరదృతువులో పిండిమిల్లు పనికి తీసుకుపోతున్నా. ఈసారి మీ సగం జీతం లేకపోయినా సరే." ఒక్క క్షణం ఆలోచించి, "ఉంటే వద్దననులెండి," అన్నాడు.

సెప్టెంబరు పదిహేనున కిండర్‌గార్టెన్ తెరిచారు. మేయరు రిబ్బను కత్తిరించి చాలాసేపు మాట్లాడాడు. దోన్కా, సెవ్దా ఆ ఉపన్యాసం వినలేదు. పక్క ఊళ్లో పిండిమిల్లు దగ్గర పనిలో ఉన్నారు.

తర్వాతి సోమవారం కిటికీ తెరిచేసరికి మహల్లా నుంచి ముగ్గురు ఆడవాళ్లు వరసలో నిలబడి ఉన్నారు. ముందున్నామె సంచి కింద పెట్టి, "మాకూ క్రేన్ పని ఇప్పించండి," అంది.

"క్రేన్లు అన్ని లేవమ్మా. గ్రీన్‌హౌస్ తోటల్లో టమోటా కోత ఉంది," అన్నాను. అలవాటుగా చెయ్యి గడుల కాగితం మీదికి పోయింది. దాన్ని పక్కన పెట్టాను. "అది తర్వాత చూద్దాం. ముందు నీకేం వచ్చో చెప్పు."

ఆమె వెనకవాళ్ల వైపు చూసింది. ఆ ప్రశ్న ఆమెని ఎవరూ అడిగినట్టు లేదు.

"గుర్రాలు," అంది చివరికి. "కుంటి గుర్రాన్ని చూస్తే ఏ కాలో, ఎందుకో చెప్తా."

గుర్రాలకి నా దగ్గర గడి లేదు. సొరుగులోంచి ఒక తెల్లకాగితం తీసి, కుర్చీ ముందుకి లాక్కున్నాను.

"కూర్చో. మొదట్నుంచీ చెప్పు."