మెదడులో సోదా

దుకాణానికి కందిపప్పు పొట్లాలు కడుతుంటే మా అత్తమ్మ రుక్మిణి వచ్చి గుప్పెడు బియ్యం నా చేతిలో పోసింది. "నమిలి ఉమ్మెయ్యి. దొంగదానికి నోరెండిపోతది. పొడి పిండే బయటికొస్తది." ఆమె గుండ్లహారం కనిపించడం లేదు. జనగామలో కింద మా కిరాణా, పైన ఇల్లు. పెళ్లయిన నాటి నుంచి పప్పులు చెరిగేదీ పొట్లాలు కట్టేదీ నేనే. "దుకాణమంత మా అరవింద్ ఒక్కడే నడుపుతడు" అని ఆమె చుట్టాలకు చెబుతుంది. ఏదైనా పోయిందంటే మాత్రం ముందు గుర్తొచ్చేది నేనే.

నా భర్త అరవింద్ ఆ బియ్యం పారబోయించాడు. నా పక్షాన నిలబడ్డాడని పిచ్చిదానిలా సంతోషపడ్డాను.

"గివన్ని పాతకాలపు ముచ్చట్లమ్మా. స్టేషన్ రోడ్డుల మెదడు పరీక్ష చేసే సెంటరు పెట్టిండ్రు. ప్రత్యూషను తీస్కపోత. తప్పు చెయ్యకుంటే భయమెందుకు?"

అక్కడ నా జుట్టులో చల్లటి జిగురు పూసి తీగల టోపీ తొడిగారు. డాక్టరు అంతా వివరించాడు, నాకు కాదు, ఆయనకు. హారం బొమ్మ చూపిస్తే, దాన్ని ఎరిగిన మెదడు ఉలిక్కిపడుతుందట, తెర మీద గీత లేస్తుందట. ప్రతి పండక్కీ ఆ హారాన్ని కుంకుడు నురగలో కడిగి తుడిచేది నేనే, నా మెదడు ఎరగకుండా ఎట్లా ఉంటుంది? అత్తమ్మ గొంతు వింటేనే దడ పుట్టే ఇంట్లో బతుకుతున్నాను. భయానికీ దొంగతనానికీ మీ గీతకు తేడా తెలుస్తుందా అని అడిగాను.

"కదలకండమ్మా" అన్నాడు డాక్టరు. తర్వాత అరవింద్ వైపు తిరిగి, "ఇష్టపడే చేయించుకుంటున్నారు కదా?" అన్నాడు.

"ఆఁ, ఇష్టమే" అన్నాడు ఈయన. నాకు ఒళ్లు మండిపోయింది.

అంతలో అత్తమ్మ ఫోన్. మొన్న కాళేశ్వరం గుడికి పోయేముందు హారాన్ని చింతపండు జాడీలో దాచి మరిచిపోయిందట. దొరికిందట. నేను టోపీ తీయబోతే అరవింద్ నా చెయ్యి పట్టుకున్నాడు.

"ఉండు. ఎట్లాగు వచ్చినం గద. వేరేవి అడుగుతరు."

"వేరేవి ఏంది?"

"పెండ్లికి ముందు ఎవరన్న ఉండెనా... గిసొంటివి."

ఇన్నేళ్లలో ఎందుకు ఏడుస్తున్నావని ఒక్కసారి అడిగిన పాపాన పోలేదు. నీకేం తినాలనుందని అడగలేదు. నోరున్న మనిషిని, అడిగితే చెప్పేదాన్ని. ఆ నోటిని వదిలేసి పుర్రెలో సోదా చేయిస్తాడట.

"ముందుగాల మీకు పెట్టమందాం" అన్నాను.

"నాకెందుకు? నా మనసుల ఏమున్నదో నా ఇష్టం."

అంత తేలిగ్గా అన్నాడు. నేను చెయ్యి విడిపించుకుని టోపీ ఊడదీశాను. చెంపల మీదికి కారుతున్న జిగురును కొంగుతో తుడుచుకున్నాను.

"ఐదు నిమిషాల పనమ్మా" అన్నాడు డాక్టరు. "మనసులో దాచుకునేది ఏమీ లేనప్పుడు ఇబ్బందేముంది?"

"గిప్పటిదాక ఏం లేకుండె సార్" అన్నాను. "గిప్పుడున్నది."