తనతో తానే మాట్లాడిన కార్డు

ఆఫీసులో అందరూ ఆమెను వదిన అనే పిలుస్తారు. ఆ పిలుపు మొదలుపెట్టింది ఆమె ఆడపడుచు. ఇద్దరిదీ ఒకే చోట ఉద్యోగం కావడంతో అది అందరి నోళ్లలోనూ నానిపోయింది. నెట్‌వర్క్ కార్డు బోర్డు గీసేది ఆడపడుచు. దాన్ని కంప్యూటరు చేత నడిపించే డ్రైవర్ ప్రోగ్రాం రాసేది వదిన.

ఇప్పుడు కొత్త బోర్డు మొండికేసింది. కేబుల్ పెట్టారు, లైట్లు వెలుగుతున్నాయి, అవతలి కంప్యూటర్‌కు మాత్రం ఒక్క ప్యాకెట్ సమాచారం కూడా చేరడం లేదు. పాత బోర్డులు ఇదే డ్రైవర్‌తో చక్కగా పనిచేస్తున్నాయి కాబట్టి తప్పు కొత్తదానిదేనని మేనేజరు తేల్చేశాడు. మధ్యాహ్నం వ్యాను వస్తుంది; కొత్త బోర్డులన్నీ తుక్కుకు పోతాయి. ఆడపడుచు సొంతంగా గీసిన మొదటి బోర్డు అది.

"నీ డ్రైవర్ బంగారం, నా బోర్డు తుక్కు. అంతేగా వదినా?"

"నేనన్నానా ఆ మాట?"

"అనలేదులే. కాదనీ అనలేదు."

వదినకు చివుక్కుమంది. కాదనడానికి ఆధారమేదీ? కార్డు మొదలవగానే డ్రైవర్ దానికి లూప్‌బ్యాక్ పరీక్ష పెడుతుంది. పంపిన ప్యాకెట్ బయటికి పోకుండా, లోపల్నుంచే మళ్లీ కార్డుకే వచ్చేలా తిప్పుతుంది. పంపిందీ వచ్చిందీ ఒకటే అయితే కార్డు బాగున్నట్టు. ఆ పరీక్షలో ఈ బోర్డు పాసయింది. మరి బయటి వాళ్ల దగ్గర దీనికి నోరెందుకు పెగలదు?

ఆడపడుచు విసురుగా కేబుల్ పీకేసి అట్టపెట్టె దగ్గరికి లాక్కుంది. "ఇక సర్దేస్తా."

వదిన చూపు స్క్రీన్ మీదే ఉంది. పంపిన ప్యాకెట్ల లెక్క పెరుగుతోంది. వచ్చినవాటి లెక్కా పెరుగుతోంది.

"ఆగాగు! కేబుల్ పీకేశావా?"

"పీకేశా. అయితే?"

"మరి దీనికి ఇన్ని ప్యాకెట్లు ఎవరు పంపుతున్నారే?"

ఇద్దరూ మొహమొహాలు చూసుకున్నారు.

"తనతో తనే మాట్లాడుకుంటోంది!" అంది ఆడపడుచు. "అచ్చం మా అన్నయ్యలాగ."

"మీ అన్నయ్య పిలిస్తే పలుకుతారు. దీనికి అదీ లేదు!"

పరీక్ష అయిపోయినా కార్డు లూప్‌బ్యాక్‌లోనే ఉండిపోయిందన్నమాట. వదిన వేళ్లు కీబోర్డు మీద పరుగెత్తాయి. పరీక్షకు ముందు కార్డు ఎలా ఉందో డ్రైవర్ గుర్తుపెట్టుకోవాలి, అయ్యాక మళ్లీ అలాగే ఉంచాలి. మొదటి ప్యాకెట్ ఆలస్యమైతే, గుర్తుపెట్టుకోవడంతో సహా పరీక్ష మళ్లీ మొదలవుతుంది. కొత్త బోర్డు నిద్రలేవడానికి కాస్త బద్ధకిస్తుంది కాబట్టి దీనికి ప్రతిసారీ రెండో పరీక్షే. అప్పటికే కార్డు లూప్‌బ్యాక్‌లో ఉంది. డ్రైవర్ ఆ స్థితినే గుర్తుపెట్టుకుని, చివర్లో భద్రంగా దాన్ని అక్కడికే చేర్చింది.

"తప్పు నాదే!" వదిన కుర్చీలోంచి లేచి గెంతినంత పని చేసింది. "నాదేనే! నీ బోర్డే బంగారం!"

"తప్పు చేసి ఇంత సంబరపడేవాళ్లని నిన్నే చూశా, వదినా."

గుర్తుపెట్టుకునే ఆ ఒక్క లైనును, మొదటి పరీక్షకు ముందు ఒక్కసారే నడిచేలా పైకి జరిపింది వదిన. కార్డును మళ్లీ మొదలుపెట్టింది. కేబుల్ ఆడపడుచే గుచ్చింది. అవతలి స్క్రీన్ మీద ప్యాకెట్లు జలజలా రాలాయి.

"వ్యాను వచ్చింది," అంటూ మేనేజరు తలుపు దగ్గర నిలబడ్డాడు.

"ఖాళీగా పంపెయ్యండి సార్," అంది వదిన. "తప్పు నా డ్రైవర్ ప్రోగ్రాందే. చూడండి. నువ్వు పీకవే!"

ఆడపడుచు కేబుల్ పీకింది. స్క్రీన్ మీద వచ్చిన ప్యాకెట్ల లెక్క టక్కున ఆగిపోయింది. ఆగినందుకు ఇద్దరూ చప్పట్లు కొడుతూ అరుస్తుంటే, మేనేజరు ఏమీ పాలుపోక ఆ ఖాళీ అట్టపెట్టె వైపు చూశాడు.