సొంత పూచీకత్తు

బిల్లు సభ ముందుకు వస్తోందని రేడియోలో విన్నప్పటి నుంచీ మొయెలాంగికి కాలు ఒకచోట నిలవడం లేదు. చేపల ఫ్యాక్టరీలో ట్యూనా ముళ్ళు తీస్తూ పాట అందుకునేది. పక్కవాళ్ళు నవ్వితే ఇంకాస్త గొంతు పెంచేది.

ఆమెది సవాయీ దీవి, అంటే పక్క దేశం. ఈ రేవుపట్నం పాగోపాగో వచ్చి ఇరవై ఏళ్ళు దాటినా, స్థానికులెవరైనా ఏటేటా పూచీ పడితేనే ఇక్కడ ఉండనిచ్చేవారు. ఆమెకు ఫువాతినో అనే ముసలి వితంతువు పూచీ. భర్త యెలెమియాకు పూచీ పడ్డ పెద్దమనిషి మాత్రం, పడవ మరమ్మతు దగ్గర మాటామాటా పెరిగి, వీడితో నాకిక సంబంధం లేదని ఆఫీసులో చెప్పేశాడు. విచారణ లేదు, గోడు వినే నాథుడు లేడు. వారం తిరక్కుండా యెలెమియాను సొంత దేశం పంపేస్తూ అపియా ఓడ ఎక్కించారు. అప్పటి నుంచీ మొగుడూ పెళ్ళాలది ఫోను కాపురమే.

కొత్త చట్టం వస్తే ఏళ్ళ తరబడి ఉన్నవాళ్ళు తమకు తామే పూచీ. జడ్జి వినకుండా ఎవరినీ దీవి దాటించకూడదు. పూచీ తప్పిందన్న ఒక్క కారణంతో పంపేసినవాళ్ళు తిరిగి రావచ్చు. జనం కూడా సభలో మాట్లాడవచ్చని తెలియగానే మొయెలాంగి పేరిచ్చి వచ్చింది.

ఆ సంగతి విని ఫువాతినో ముఖం మాడ్చుకుంది.

“నా సంతకం చేదైపోయిందా నీకు?” అంది చేమదుంపలు చెక్కుతూ.

“అది కాదు పెద్దమ్మా. ఆయన రావాలి గదా.”

“అయితే పో. మళ్ళీ నా గుమ్మం తొక్కావంటే చూడు.”

ముసలామె అన్నంత పనీ చేయగలదు. ఆ భయం గుండెల్లో ఉన్నా, మర్నాడు మొయెలాంగి చర్చికి కట్టే బట్టలు కట్టుకుని బస్సెక్కింది. బస్సంతా ఫోనోకు, అంటే చట్టసభకు వెళ్ళేవాళ్ళే. దారి పొడవునా కీర్తనలు పాడుతూనే ఉన్నారు.

తీరా లేచి నిలబడేసరికి, వల్లె వేసుకున్న మాట ఒక్కటీ నోటికి రాలేదు. దాంతో జరిగింది జరిగినట్టు చెప్పేసింది. సభ్యుల్లో లావుపాటి ఆయనొకడు శ్రద్ధగానే విన్నాడు. విని, మన నేల చిన్నది, తలుపులు బార్లా తెరిస్తే రేపు మన పిల్లలకేం మిగులుతుందని అడిగాడు. ఆ మాటకు చాలామంది తలలూపారు.

“ఇంతకీ నీ పూచీదారు దీనికి ఒప్పుకుందా అమ్మా?” అన్నాడు ఆయనే మళ్ళీ.

మొయెలాంగికి అబద్ధం చెప్పడం చేతకాదు, నిజం చెబితే పని చెడుతుంది. అప్పుడు వెనక వరసలోంచి విసనకర్ర ఊపుకుంటూ ఫువాతినో లేచింది. ఎప్పుడొచ్చి కూర్చుందో ఎవరికీ తెలియదు.

“నేను ఒప్పుకోలేదయ్యా. నిన్న దీన్ని తిట్టిపోశాను కూడా. పోయినేడు ఇది దుంపలు మాడ్చిందని ఒళ్ళు మండి, పూచీ రద్దు చేయిద్దామని ఆఫీసు దాకా పోయాను. తలుపుకి తాళం ఉంది గనక ఇది ఇంకా ఇక్కడుంది. మాడిన దుంపకి మనిషిని సముద్రం దాటిస్తారా ఎక్కడైనా? మీ చట్టం దాటిస్తుంది. నేల చిన్నదే, కాదన్ను. అలాగని ఒకరి బతుకు తీసుకొచ్చి ముసలిదాని కోపానికి కట్టేస్తారా?”

సభంతా గొల్లున నవ్వింది. లావుపాటాయన కూడా నవ్వు ఆపుకోలేకపోయాడు, కానీ ఓటు మాత్రం వ్యతిరేకంగానే వేశాడు. ఎత్తిన చేతులు లెక్కపెడుతున్నంతసేపూ మొయెలాంగి ముసలామె మోచేయి పట్టుకునే ఉంది. బిల్లు నెగ్గిందని చెప్పగానే ఆ చెయ్యి ఎంత గట్టిగా నొక్కిందంటే, “ఎముక విరుగుతుందే పిల్లా” అని ఫువాతినో విసుక్కుంది.

పై సభ, గవర్నరు సంతకం, యెలెమియా దరఖాస్తు, అన్నీ ముగిసేసరికి వానాకాలం వచ్చేసింది. ఓడ వచ్చిన పొద్దున రేవులో ఆడవాళ్ళిద్దరూ తడిసి ముద్దవుతూ నిలబడ్డారు. యెలెమియా దిగాడు. చిక్కిపోయాడు, నవ్వుతున్నాడు. మొయెలాంగి బస్సు ఆగే వైపు చెయ్యి చూపింది.

“బస్సు వద్దు,” అన్నాడు. “నడుద్దాం.”

ఆలుమగలు చెయ్యీ చెయ్యీ పట్టుకుని రేవు పక్కనే నడక సాగించారు. ఈ వానలో నడకేమిటని సణుగుతూ, అతని మూటల్లో పెద్దదాన్ని తనే చంకనెత్తుకుని, ఫువాతినో వెనకాలే బయలుదేరింది.