ఒకే మంగాయమ్మ

ఏలూరులో మా కిరాణా కొట్టు వెనక గదిలో కూర్చుని, వీడియోలు చూసి, వెబ్ పేజీలు కట్టడం నేర్చుకున్నాను. వాడింది ఫ్లాస్క్ అనే చిన్న ఫ్రేమ్‌వర్క్. "ఫ్లాస్కా? అందులో కాఫీయేనా, టీ కూడా పోస్తావా చాందినీ?" అని మా నాన్న నెల రోజులు ఏడిపించాడు. డిగ్రీలో అత్తెసరు మార్కులు తెచ్చుకున్నదాన్ని. నేను కొట్టిన పేరు డేటాబేస్‌లో చేరి మళ్లీ తెర మీదికి వస్తుంటే ఎంత పొగరెక్కిందో!

కొల్లేరు పొంగి లంకలు మునిగినప్పుడు ఆ పొగరుతోనే బడిలో పెట్టిన శిబిరానికి వెళ్లాను. పడవ కోసం ఫోన్ చేసేవాళ్ల పేర్లు ఎక్కించి, వచ్చినవాళ్లకి టిక్కు పెట్టే పేజీ ఒకటి చేశాను. కంగారులో జనం ఒకటికి రెండుసార్లు చెబుతారు కదా, అందుకని ఒక ఇంట్లో అదే పేరు మళ్లీ వస్తే తీసుకోవద్దని ఒక లైను రాశాను. ఆ లైను చూసుకుని మురిసిపోయాను కూడా.

తాడేపల్లిగూడెంలో పనికి వెళ్లి చిక్కుకుపోయిన దుర్గాసాయి ఫోన్ చేసి, ఇంట్లో ఉన్నవాళ్ల పేర్లు చెప్పాడు. నాగదుర్గ, మంగాయమ్మ, మంగాయమ్మ. మూడోది పేజీ తీసుకోలేదు. పాపం, ఒకే పేరు రెండుసార్లు చెప్పాడనుకున్నాను.

పదకొండింటికి అతని భార్య నాగదుర్గ ఎనిమిదేళ్ల కూతురితో పడవ దిగింది. పేరడిగితే పిల్ల "మంగాయమ్మ" అంది. ఇద్దరికీ టిక్కు పెట్టాను. మధ్యాహ్నానికి వాళ్ల లంక పేర్లన్నీ అయిపోయాయి.

"ఇంకెవరైనా ఉన్నారామ్మా?" అని పడవ నడిపే వీరాస్వామి అడిగాడు.

"లేరండి. అందరూ వచ్చేశారు," అన్నాను తెర చూసి. అతను పడవని వేరే లంకకి తిప్పాడు.

నాలుగింటికి నాగదుర్గ నా బల్ల దగ్గరికి వచ్చింది.

"ఏవండీ, మా అత్తగారింకా రాలేదండి. పడవలో చోటు లేదని, ఎనకాల పడవలో వత్తానన్నారండి."

"ఆవిడ పేరు చెప్పండి."

ఆమె తల దించుకుంది. అత్తగారి పేరు కోడలు నోటితో ఎలా పలుకుతుంది? "మా అమ్మడి పేరేనండి. నాయనమ్మ పేరే పెట్టుకున్నామండి," అంది.

తెర మీద ఆ ఇంటికి ఒకే మంగాయమ్మ కనిపించింది. మా చెల్లెలికీ మా నాయనమ్మ పేరే. అయినా ఆ లైను రాసేటప్పుడు నాకు తట్టలేదు.

వీరాస్వామి పడవలో మేమిద్దరం వెళ్లాం. నీళ్లు చూరు దాకా వచ్చాయి. "అత్తయ్యగారూ!" అని నాగదుర్గ గొంతు చించుకుని పిలిచింది. ఎవరూ పలకలేదు. వీరాస్వామి పెంకులు తీసి లోపలికి దిగాడు. అటక మీద నుంచి ఆవిడని ఎత్తుకొచ్చి పడవలో పడుకోబెట్టాడు. ఊపిరి లేదు.

తిరిగొచ్చాక నేను ఏడుస్తుంటే నాగదుర్గే వచ్చి నా పక్కన కూర్చుంది.

"ఊరుకోండి. కంప్యూటర్ పొరపాటు చేసిందంటగదండీ, మజ్జిలో మీరేం చేత్తారండి?" అంది.

ఆ లైను రాసింది నేనేనని చెప్పాలి. నోరు తెరిచాను.

"అవునండి, కంప్యూటర్ పొరపాటేనండి," అన్నాను.