వెనక సీటు చప్పుడు

అస్కా నుంచి కార్డు వచ్చేసరికి సత్యవతి లోపలి నడవలో చిక్కుడుకాయల ఈనెలు తీస్తోంది. వీధి వరండాలో మామగారు వేంకటరమణమూర్తి ఇంటిల్లిపాదికీ వినపడేలా చదివారు: "మీ అమ్మాయిని పురిటికి పంపడానికి మాకు అభ్యంతరం లేదు." రెండు నెలలు బతిమాలించుకుని ఇప్పటికి కరిగారు ఆడపడుచు బుజ్జమ్మ అత్తవారు. అత్తగారు రాజ్యమ్మ తడిచేతులతోనే పరుగెత్తుకొచ్చి, "నా తల్లి వస్తందే సత్యం!" అని కోడల్ని వాటేసుకుంది. చేట ఒళ్ళోంచి జారి చిక్కుళ్ళన్నీ నడవ నిండా పడ్డాయి. సత్యవతి నవ్వుతూనే కళ్ళు తుడుచుకుంది.

"రేపే మంచిరోజు. ఏడింటికి మన కార్లోనే ఎల్దాం" అన్నాడు ఆమె భర్త వేణుగోపాలరావు. "వచ్చేటప్పుడు చెల్లాయిని వెనకాల మీ ఇద్దరి మధ్యా కూచోబెట్టుకోండి."

వెనకాల. ఆ మాట దగ్గర సత్యవతి నవ్వు ఆగిపోయింది.

కారంటే ఆమెకి ఇష్టం లేక కాదు. పెళ్ళయిన మూడు నెలల్లో ఆమెకి దొరికిన సంతోషాల్లో సగం కారువే. తన దేశం వెళ్ళిపోతున్న ఒక దొర దగ్గర వేణు తనే మెచ్చి, తండ్రి వద్దంటున్నా కొన్నాడు దాన్ని. గోపాల్‌పూర్ దారిలో సముద్రపు గాలి తగలగానే జడలో పూలు రేకలు రేకలుగా ఎగిరిపోతుంటే ఆమె చిన్నపిల్లలా చప్పట్లు కొట్టేది. ముందు సీటు మగవాళ్ళది, వెనక సీటు ఆడవాళ్ళది, మధ్యలో అత్తగారు కుట్టిన పూలగుడ్డ తెర. ఆ వెనక సీటు సరిగ్గా చక్రాల మీదుంటుంది. చప్పుడు అక్కడే వినపడింది, మొదట ఎవరింట్లోనో తిరగలి తిప్పుతున్నట్టు. బండి జోరందుకుంటే అదీ పెరిగేది. ఎడమవైపు మలుపు తిరిగితే బరువంతా కుడిచక్రం మీద పడి గుర్రుమనేది, కుడికి తిరిగితే తగ్గేది. జబ్బు ఏ చక్రానిదో తెలియడానికి వాల్తేరులో ఫిజిక్సు చదివిన పిల్లకి అంతకన్నా ఏం కావాలి? చెబితే వేణు పకపకా నవ్వాడు. "మన పెళ్ళి సన్నాయి ఇంకా నీ చెవిలోంచి పోలేదోయ్!" ఆమె కూడా నవ్వింది. పోయిన ఆదివారం కారు దిగగానే చెప్పు తెగిందన్న నెపంతో వంగి, నాలుగు చక్రాల నడిమి ఇనుప మూతలూ తాకి చూసింది. మూడు గోరువెచ్చన. కుడివైపు వెనకది చుర్రుమంది. అరచేతిలో పెసరగింజంత బొబ్బ. వేణు ఆ చెయ్యి పట్టుకుని ఊదుతూ, "ఎండకి ఇనుం కాలదేటి?" అన్నాడు. మరి తక్కిన మూడూ ఎందుకు కాలలేదని అడగాలనిపించలేదు. చెయ్యి కాలితే ఊదే మొగుడు దొరికాడని మురిసిపోయింది.

సాయంత్రం మెకానిక్ జగ్గారావు చక్రాలకు గాలి కొట్టడానికి వచ్చాడు. మంచినీళ్ళ చెంబు అందించే వంకతో సత్యవతి దగ్గరికి వెళ్ళింది.

"జగ్గారావూ, ఆ కుడి వెనక చక్రం ఒకసారి పైకెత్తి తిప్పుతావా?"

అతను జాకీ పెట్టి చక్రాన్ని ఒక తిప్పు తిప్పాడు. గరగరమంది. పైనా కిందా పట్టుకుని ఊపితే కదిలే పన్నులా ఊగింది.

"బేరింగు పోనాదమ్మా. లోపల గుండ్లు అరిగిపోనాయి. పదిరోజుల కిందటే బాబుకి సూపించినాను గదా!"

"ఎవరికి?"

"మన వేణుబాబుకే. ఇప్పుడొద్దురా, నాన్నగారికి తెలిస్తే వద్దన్నా కొన్నావని దెప్పుతారన్నారు." అతను చక్రం కేసి చూస్తూనే నవ్వాడు. "ఆ సప్పుడు వెనకాల ఆడోళ్ళకే గదా ఇనపడేది, ఏటవుద్ది అన్నారమ్మా."

అరచేతిలో బొబ్బ మానిన చోట సత్యవతి వేలితో గట్టిగా నొక్కుకుంది. ఆ రోజు చెయ్యి మీద ఊదుతున్నప్పుడే అతనికి తెలుసు.

"ఇలాగే నడిపితే?"

"ఇరుసుతో పాటు సెక్రం ఊడొచ్చేత్తాది. రేపు దారిలో రుషికుల్య ఏటి వంతెన మీద గానీ..." అంటూ ఆమె ముఖం చూసి ఆగిపోయాడు. "ఇలాటి కారు బేరింగే ఒకటి మా షెడ్లో ఉందమ్మా, మంచిదే. ఇరుసు లాగి, పాతది కొట్టేసి, గ్రీజు పెట్టి ఇది ఎక్కించడానికి మూడు గంటలు సాలు."

"రేప్పొద్దున్న ఆరింటికి రా" అంది సత్యవతి.

వరండాలో మామగారు పడక్కుర్చీలో ఉన్నారు. వేణు పక్కనే నిలబడి రేపటి దారి గురించి చెబుతున్నాడు. మూడు నెలలుగా ఆమె మామగారితో ఏ మాటైనా తలుపు చాటు నుంచి, అత్తగారి నోటితోనే చెప్పించేది. ఇవాళ గడప దాటి ఆయన ఎదుట నిలబడింది. లోపల రాజ్యమ్మ కూతురి కోసం చలిమిడికి బియ్యం దంచుతున్న చప్పుడు ఆగిపోయింది.

"మావయ్యగారూ, కారు కుడి వెనక చక్రంలో బేరింగు పోయింది. మీ అబ్బాయిగారికి పదిరోజులుగా తెలుసు."

"సత్యా! ఏటా మాటలు? లోపలికెళ్ళు" అన్నాడు వేణు. ఆ గొంతు ఆమె ఎప్పుడూ వినలేదు. అందులో నవ్వు లేదు.

ఆమె అతనివైపు తిరగలేదు.

"రేపు ఆరింటికి జగ్గారావు వచ్చి దాన్ని మారుస్తాడు. నేను దగ్గరుండి చూస్తాను. మార్చాక ఈయన రెండు వీధులు నడుపుతారు, నేను వెనక కూర్చుని వింటాను. ఏడు దాటిపోయినా సరే, చప్పుడు లేదని నేనంటేనే అస్కా బయల్దేరేది."